ప్లాంట్‌ని డిజిటల్‌లోకి తెచ్చాక ప్యాసివిటీ ఉందో పోయిందో చెక్ చేసుకోవడం, పోతే సరిచేసుకోవడం ఎలా

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో కంట్రోల్స్ ప్రాజెక్టు చేసేవాళ్ల రిపోర్టుల్లో ఒక లైను తెగ కనపడుద్ది: "ప్లాంట్ ప్యాసివ్, కంట్రోలర్ ప్యాసివ్, కాబట్టి లూప్ స్టేబుల్". ప్లాంట్ అంటే మనం కంట్రోల్ చేసే వస్తువు, ప్యాసివ్ అంటే బయట నుంచి ఇచ్చినదానికంటే ఎక్కువ ఎనర్జీ తిరిగి ఇవ్వలేనిది. పేపర్ మీద ఆ లైను కరెక్టే. కానీ పేజీ తిప్పితే కంట్రోలర్ ఏదో మైక్రోకంట్రోలర్ బోర్డు మీద నడుస్తా ఉంటది, అంటే ఒక శాంపిల్ చదివి, లెక్కేసి, ఇంకో శాంపిల్ వచ్చేదాకా అదే అవుట్‌పుట్ పట్టుకుని కూర్చునే యంత్రం అది, ఆ పట్టుకుని కూర్చోవడంలోనే పైన రాసిన ప్రూఫ్ కాస్తా పోద్ది. ఎంత పోయిందో ఒక నంబర్‌గా తీయొచ్చు, ఆ నంబర్ చేతిలో ఉంటే గెయిన్ (కొలిచినదాన్ని కంట్రోలర్ ఎన్ని రెట్లు చేసి తిరిగి ఇస్తదో ఆ నంబర్) ఎంతవరకు పెట్టొచ్చో కూడా తేలిపోద్ది. అదెలాగో చెప్తాను, మీరు పక్కన పెన్ను, కాగితం పెట్టుకోండి.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. 10 కిలోఓమ్ రెసిస్టరు ఒకటి, 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఒకటి, రెండూ సిరీస్‌లో. ఊళ్లో ఏ ఎలక్ట్రానిక్స్ స్పేర్ల కొట్లో అడిగినా ఇస్తాడు. రెండింటినీ గుణిస్తే టైమ్ కాన్‌స్టంట్ సరిగ్గా 1 సెకను, లెక్కలు సుఖంగా ఉంటాయని ఈ విలువలు. బోర్డుకి డాక్ పిన్ (నంబర్‌ని వోల్టేజిగా మార్చేది) ఉంటే మంచిది, ఈఎస్‌పీ32 లాంటిది చాలు. వోల్టేజి 0 నుంచి 3.3 మధ్యే ఉంటది కాబట్టి 1.65ని సున్నా అనుకుని ప్లస్, మైనస్ దాని నుంచి లెక్కపెట్టుకోండి.

స్టెప్ 1: స్టోరేజ్ ఏంటి, సప్లై ఏంటి, ముందు రాసుకోండి

డిస్సిపేటివిటీ (ప్యాసివిటీ దీంట్లో ఒక రకం) అనే మాటకి ఇప్పుడు మనం వాడే లెక్క 1972లో యాన్ విలెమ్స్ పెట్టింది. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల ఖాతా రాసినట్టే అనుకోండి, లోపల పెరిగిన సరుకు బయట నుంచి వచ్చిన సరుకుని మించకూడదు, తక్కువైతే ఆ తేడా తరుగు, ఎక్కువైతే మాత్రం ఎక్కడో దొంగలెక్క ఉన్నట్టే. సిస్టమ్ లోపలి సరుకుని స్టోరేజ్ ఫంక్షన్ అంటారు, దాన్ని వీ అందాం, అది ఎప్పుడూ నెగటివ్ కాకూడదు. ఎన్‌ని శాంపిల్ నంబర్ అనుకుంటే డిస్క్రీట్ టైమ్‌లో మొత్తం కథ ఈ ఒక్క లైనే:

వీ(ఎన్+1) − వీ(ఎన్) ≤ సప్లై(ఎన్)

ప్రతి ఎన్‌కీ, మీరు ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఇది నిలబడాలి. సప్లై అంటే బయట నుంచి వచ్చిన సరుకు, యు ఇన్‌పుట్, వై అవుట్‌పుట్. సప్లై అనే చోట యు × వై పెడితే అది ప్యాసివిటీ. గామా² యు² − వై² పెడితే గెయిన్ గామా దాటదని అర్థం. హిల్, మొయ్లాన్ వీటన్నిటినీ క్యూ, ఎస్, ఆర్ అని మూడు మ్యాట్రిక్సుల్లోకి సర్దేశారు, రిపోర్టులో జనరల్‌గా రాయాలంటే ఆ రూపం వాడండి, చేతిలెక్కకి మాత్రం యు × వై చాలు.

యు × వై అంటే నిజంగా వాట్స్ రావాలేమో అని ఆగిపోతారు కొందరు, అలాంటి రూలేం లేదు. మన సర్క్యూట్‌లో యు సోర్స్ వోల్టేజి, వై కెపాసిటర్ వోల్టేజి, గుణిస్తే వోల్ట్ స్క్వేర్ వచ్చిద్ది, అయినా లెక్క నడుస్తది. కంటిన్యువస్‌లో, అంటే శాంపిల్స్ లేని అసలు సర్క్యూట్‌లో చూడండి, ఎక్స్ అంటే స్టేట్, ఇక్కడ కెపాసిటర్ వోల్టేజే: ఎక్స్ మారే రేటు = −ఎక్స్ + యు, వై = ఎక్స్. వీ = ½ ఎక్స్² అనుకుంటే వీ మారే రేటు యు × వై − వై². ఆ చివరి వై² అంతా తరుగే. కాబట్టి ప్యాసివ్, ఇంకో మాట లేదు. ప్రపోర్షనల్ గెయిన్ 5 పెట్టినా 5000 పెట్టినా స్టేబులే.

స్టెప్ 2: డిస్క్రీట్ మోడల్ నిజాయితీగా తీయండి

డాక్ వోల్టేజిని పట్టుకుని ఉంచుద్ది కాబట్టి ప్లాంట్‌కి సరైన డిస్క్రీట్ మోడల్ జీరో ఆర్డర్ హోల్డ్‌దే (శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య ఇన్‌పుట్ కదలదని లెక్కేసేది). శాంపిల్ టైమ్ టీ = 0.1 సెకను పెడితే:

ఎక్స్(ఎన్+1) = 0.9048 ఎక్స్(ఎన్) + 0.0952 యు(ఎన్), వై(ఎన్) = ఎక్స్(ఎన్)

మ్యాట్‌ల్యాబ్‌లో సీ2డీ కొట్టినా, సైపైలో కాంట్2డిస్క్రీట్ కొట్టినా మీరేం చెప్పకపోతే ఇదే వచ్చిద్ది. ఇక్కడ కొంతమంది తెలివిగా టస్టిన్ ఆప్షన్ (అనలాగ్ మోడల్‌ని డిజిటల్‌లోకి మార్చే ఇంకో ఫార్ములా) పెట్టేస్తారు, ఎందుకంటే టస్టిన్ ప్యాసివిటీని చెడగొట్టదని పుస్తకంలో ఉంటది కదా, ప్లాంట్‌ని టస్టిన్‌లో మార్చి "చూడండి, ఇప్పుడు కూడా ప్యాసివే" అని రాసేస్తారు. నన్నడిగితే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. మీ కెపాసిటర్‌కి టస్టిన్ తెలీదు, దానికి వచ్చేది మెట్లు మెట్లుగా ఉన్న వోల్టేజి. టస్టిన్ వాడాల్సింది కంట్రోలర్‌కి, ఎందుకంటే అది మీరు రాసే కోడ్, ఏ ఫార్ములా వాడాలో మీ చేతిలో పని. అనలాగ్‌లో ప్యాసివ్‌గా డిజైన్ చేసిన కంట్రోలర్‌ని టస్టిన్‌తో కోడ్‌లోకి తెస్తే అది ప్యాసివ్‌గానే ఉంటది. ప్లాంట్ విషయంలో మనకా ఛాయిస్ లేదు.

స్టెప్ 3: రెండు శాంపిల్స్‌తో చేతిలెక్క

సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఇది చేయండి, రెండు నిమిషాల పని. ఎక్స్ సున్నా దగ్గర మొదలెట్టండి, లోపల ఏమీ లేదు.

మొదటి శాంపిల్‌లో యు = 1 ఇవ్వండి. ఆ క్షణానికి వై = 0, కాబట్టి సప్లై 1 × 0 = 0. మనం ఏమీ ఇవ్వలేదని లెక్క చెప్తా ఉంది. కానీ తర్వాతి శాంపిల్‌కి ఎక్స్ 0.0952 అయి కూర్చుంది, లోపల సరుకు చేరింది, ఖాతాలో మాత్రం ఎంట్రీ లేదు.

రెండో శాంపిల్‌లో యు = −1 ఇవ్వండి. సప్లై −1 × 0.0952 = −0.0952. మొత్తం కలిపితే −0.0952, అంటే ఖాళీ సిస్టమ్‌లోంచి మనం సరుకు బయటికి లాగాం. ఇక్కడితో ప్యాసివిటీ అయిపోయింది, ఇంకే వీ వెతికినా దొరకదు.

దీనికి కారణం ఈ సర్క్యూట్‌లో ప్రత్యేకంగా ఏదో ఉండటం కాదు. అవుట్‌పుట్‌లో యు నేరుగా కనపడకపోతే, అంటే స్టేట్ స్పేస్ మోడల్‌లో డి సున్నా అయితే, ఎక్స్ సున్నా దగ్గర సప్లై ఎప్పుడూ సున్నానే, స్టేట్ మాత్రం కదులుద్ది. మోటారైనా, కన్వర్టరైనా, నాన్‌లీనియర్ రోబోట్ చెయ్యైనా ఇంతే. కంటిన్యువస్‌లో డి సున్నా ఉన్న ప్యాసివ్ సిస్టమ్స్ బోలెడు, డిస్క్రీట్‌లో అలాంటిది ఉండదు, వీళ్లిద్దరి మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. కాబట్టి ఎవరైనా డిస్క్రీట్ మోడల్ చూపించి ప్యాసివ్ అంటే మీరు ముందు చూడాల్సింది డి వైపే.

స్టెప్ 4: ఎంత తక్కువైందో నంబర్ తీయండి

ప్యాసివ్ కాదని తెలిసిపోయింది, కానీ "కాదు" అనే ఆన్సర్‌తో పని జరగదు, ఎంత తేడాలో కాదు అనేది కావాలి. స్టేబుల్ లీనియర్ సిస్టమ్‌కి ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ తీసుకుని, సున్నా నుంచి నైక్విస్ట్ ఫ్రీక్వెన్సీ (శాంప్లింగ్ రేటులో సగం) దాకా రియల్ పార్ట్ ఎక్కడ అన్నిటికంటే కిందకి దిగిందో చూడండి. ప్యాసివ్ అయితే ఎక్కడా సున్నా కిందకి రాదు.

మనదానికి ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ 0.0952 / (జెడ్ − 0.9048). నైక్విస్ట్ దగ్గర జెడ్ = −1, అక్కడ విలువ 0.0952 / (−1.9048), అంటే దాదాపు −0.05. ఇంతకంటే కిందకి ఇంకెక్కడా పోదు. ఫార్ములాగా రాస్తే ఈ లోటు ట్యాన్‌హెచ్(టీ/2), టీ అంటే టైమ్ కాన్‌స్టంట్‌తో భాగించిన శాంపిల్ టైమ్. టీ 0.1 అయితే లోటు 0.05, టీ 1 అయితే 0.46. శాంపిల్ టైమ్ తగ్గించే కొద్దీ లోటు తగ్గుద్ది కానీ సున్నా మాత్రం ఎప్పటికీ అవ్వదు.

ఒకటి కంటే ఎక్కువ స్టేట్స్, ఎక్కువ ఇన్‌పుట్స్ ఉంటే కేవైపీ లెమ్మా పట్టుకోవాలి. కాల్మన్, యాకుబోవిచ్, పోపోవ్ పేర్లతో ఉన్నదే, డిస్క్రీట్ వెర్షన్ హిట్జ్, ఆండర్సన్ 1969లో ఇచ్చారు. పాజిటివ్ డెఫినిట్ పి ఒకటి దొరికి, కింది నాలుగు గళ్ల మ్యాట్రిక్స్ (ఏ, బి, సి, డి అంటే స్టేట్ స్పేస్ మోడల్‌లోని మ్యాట్రిక్సులు) నెగటివ్ సెమీడెఫినిట్ అయితే ప్యాసివ్:

పైన ఎడమ: ఏ ట్రాన్స్‌పోజ్ × పి × ఏ − పి
పైన కుడి: ఏ ట్రాన్స్‌పోజ్ × పి × బి − సి ట్రాన్స్‌పోజ్
కింద ఎడమ: పైన కుడి దాని ట్రాన్స్‌పోజ్
కింద కుడి: బి ట్రాన్స్‌పోజ్ × పి × బి − డి − డి ట్రాన్స్‌పోజ్

కింద కుడి గడి చూడండి, డి సున్నా అయితే అక్కడ పాజిటివ్ మిగులుద్ది, ఇందాక చేతిలెక్కలో దొరికిందే మళ్లీ ఇక్కడ. సీవీఎక్స్‌పై అనే పైథాన్ లైబ్రరీలో పి ని వేరియబుల్‌గా పెట్టి ఇది రాసేయొచ్చు, లోటు కూడా కావాలంటే డి కి ఒక డెల్టా కలిపి ఆ డెల్టాని మినిమైజ్ చేయమనండి. మనదానికి డెల్టా 0.05, పి దాదాపు 10.5 వచ్చిద్ది. సరిగ్గా బోర్డర్ మీద అడిగితే సాల్వర్ సణుగుద్ది, "ఇన్‌ఫీజిబుల్" అని కూడా అనొచ్చు, కంగారుపడకుండా డెల్టాని కొంచెం పెంచి మళ్లీ అడగండి.

స్టెప్ 5: ఆ నంబర్‌ని గెయిన్ లిమిట్‌గా మార్చండి

ఇదే అసలు లాభం. లోటు 0.05 అంటే అర్థం, వీ పెరుగుదల ≤ యు × వై + 0.05 యు². ఇప్పుడు ఫీడ్‌బ్యాక్ యు = −కె × వై పెట్టండి, వై = −యు/కె అవుద్ది, దాన్ని పైదాంట్లో వేస్తే:

వీ పెరుగుదల ≤ −(1/కె − 0.05) యు²

బ్రాకెట్ పాజిటివ్ అయితే వీ తగ్గుతా పోద్ది. అంటే కె 20 లోపు ఉండాలి. అనలాగ్‌లో 5000 పెట్టినా పర్లేదన్న సర్క్యూట్‌కి ఇప్పుడు 20 దగ్గర గోడ పడింది. ఇది మరీ భయపడి పెట్టిన లిమిటేమో అనుకోకండి, డైరెక్ట్‌గా పోల్ (ప్రతి శాంపిల్‌కీ ఎక్స్ ఎన్ని రెట్లు అవుద్దో ఆ నంబర్, సైజు 1 దాటితే అన్‌స్టేబుల్) లెక్కేస్తే 0.9048 − 0.0952 కె అనేది −1 కి చేరేది 20.02 దగ్గర. రెండూ ఒకటే. కె 21 పెట్టి బోర్డు మీద రన్ చేస్తే శాంపిల్‌కొకసారి పైకీ కిందకీ కొట్టుకుంటా పెద్దదై, డాక్ రెండు కొసలకి తగిలేదాకా పోద్ది, సీరియల్ ప్లాటర్‌లో రంపం పళ్లలా కనపడుద్ది.

పోల్ లెక్కే చేసుకోవచ్చుగా, ఇంత గొడవెందుకు అంటారేమో. కె స్థిరంగా ఉంటే నిజమే. కానీ మీ కంట్రోలర్ నాన్‌లీనియర్ అయినా, గెయిన్ టైముతో మారుతా ఉన్నా, 0 నుంచి 20 మధ్య సెక్టార్ దాటనంతవరకు ఈ ప్రూఫ్ అలాగే పనిచేసిద్ది, పోల్స్ అక్కడ మాట్లాడవు.

రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ఒకటి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద 100 అని రాసున్నా ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం మామూలే. 80 మైక్రోఫారడ్ వచ్చిందనుకోండి, టైమ్ కాన్‌స్టంట్ 0.8 అవుద్ది, లిమిట్ 16కి పడిపోద్ది. 120 వస్తే 24. మీటర్‌తో కొలవకుండా 19 పెట్టడం మాత్రం వద్దు, 16 లోపే ఉండండి.

రెండోది డిలే, ఎక్కువమంది దెబ్బతినేది దీంట్లోనే. చాలా కోడ్స్‌లో ఈ శాంపిల్‌లో చదివి, లెక్కేసి, ఫలితాన్ని తర్వాతి శాంపిల్ మొదట్లో బయటికి పంపుతారు. అంటే ఒక శాంపిల్ ఆలస్యం. మోడల్‌లో జెడ్ ఇన్వర్స్ ఒకటి ఎక్కువ పెట్టి రియల్ పార్ట్ మళ్లీ గీస్తే లోటు 0.05 నుంచి సుమారు 0.114కి ఎగబాకుద్ది, గెయిన్ లిమిట్ 8.7కి వచ్చేసిద్ది. ఇక్కడ పోల్ లెక్కేస్తే నిజమైన లిమిట్ 10.5. చూశారుగా, ఈసారి రెండూ కలవలేదు, ప్యాసివిటీ కండిషన్ పాసైతే స్టేబుల్ గ్యారంటీ, ఫెయిలైతే అన్‌స్టేబుల్ అని కాదు. రిపోర్టులో ఈ రెండూ కలిపేసి రాస్తే వైవాలో దొరికిపోతారు.

స్టెప్ 6: గెయిన్ తగ్గించడం ఇష్టం లేకపోతే అవుట్‌పుట్ మార్చండి

లోటు ఎక్కడ వచ్చింది? ఇన్‌పుట్ 100 మిల్లీసెకన్లు పట్టుకుని ఉన్నాం, అవుట్‌పుట్ మాత్రం మొదటి క్షణంలోది తీసుకున్నాం. ఆ 100 మిల్లీసెకన్లలో వై మారుతా ఉంటే దాన్ని పట్టించుకోలేదు. కాబట్టి మొదటి విలువ బదులు ఆ ఇంటర్వెల్ మొత్తం సగటు తీసుకోండి. యు స్థిరంగా ఉంది కాబట్టి యు × సగటు వై × టీ అనేది అసలు సప్లై ఎంతో అంతే, దగ్గరిదగ్గరగా కాదు, కచ్చితంగా అంతే. కంటిన్యువస్‌లో ప్యాసివ్ అయినది ఇక్కడా ప్యాసివే, నాన్‌లీనియర్ అయినా సరే.

మనదానికి లెక్కేస్తే: సగటు వై = 0.9516 ఎక్స్ + 0.0484 యు. డి వచ్చేసింది చూడండి, దానంతట అదే. ఇందాకటి రెండు శాంపిల్స్ టెస్ట్ మళ్లీ వేయండి. మొదటి శాంపిల్ యు = 1: సప్లై 0.1 × 0.0484 = 0.00484, లోపల చేరింది ½ × 0.0952² = 0.00453. మిగతా 0.00031 తరుగు. రెండో శాంపిల్ యు = −1: సగటు వై 0.0422, సప్లై −0.00422. మొత్తం ఇంకా 0.0006 ప్లస్‌లోనే ఉంది. ఇచ్చినదానికంటే ఎక్కువ లాగలేకపోయాం, ఖాతా సరిపోయింది.

బోర్డు మీద సగటు తీయడం తేలికే, 1 మిల్లీసెకనుకొకసారి ఏడీసీ (వోల్టేజిని నంబర్‌గా మార్చేది) చదివి 100 రీడింగ్స్ కలిపి భాగించండి. మన దగ్గర మెయిన్స్ 50 హెర్ట్జ్ కాబట్టి 100 మిల్లీసెకన్లలో సరిగ్గా 5 సైకిల్స్ పడతాయి, ల్యాబ్‌లో ట్యూబ్‌లైట్లు, పాత రెగ్యులేటర్ల ఫ్యాన్ల హమ్ కూడా దాదాపు కొట్టుకుపోద్ది, అది బోనస్.

ఇక్కడొక చిక్కు ఉంది, చాలామంది రాయకుండా దాటేస్తారు. ఈ ఇంటర్వెల్ సగటు తెలియాలంటే ఇంటర్వెల్ అయిపోవాలి, కానీ యు మొదట్లోనే ఇవ్వాలి. సరేలే అని పోయిన ఇంటర్వెల్ సగటు వాడితే ఒక శాంపిల్ డిలే వచ్చినట్టే, కట్టిన ప్యాసివిటీ మళ్లీ పోయినట్టే. కాబట్టి లూప్‌ని కాగితం మీద సాల్వ్ చేయాలి: యు = −కె (0.9516 ఎక్స్ + 0.0484 యు), దీంట్లోంచి

యు = −0.9516 కె ఎక్స్ / (1 + 0.0484 కె)

ఇంటర్వెల్ మొదట్లో కొలిచిన ఎక్స్‌తో ఇది వెంటనే లెక్కేయొచ్చు. ఇప్పుడు కె ని లక్షకి పెంచండి, ఎక్స్ మీద పడే అసలు గెయిన్ 19.67 దాటదు. ఇందాకటి గోడ 20.02 కదా, దానికి కొంచెం ఇవతలే ఆగిపోద్ది, కాబట్టి ఏ కె పెట్టినా స్టేబులే. నాకు ఈ టాపిక్ మొత్తంలో బాగా నచ్చేది ఈ లెక్కే. అప్పుడు సగటు తీసిన రీడింగ్స్‌తో పనేంటంటే, ఎనర్జీ లెక్క చెక్ చేయడానికి, దాని సంగతి కింద చెప్తా.

మోటారు, ఎన్‌కోడర్ ఉన్నవాళ్లకి సగటు ఫ్రీగా వచ్చిద్ది. ఇన్‌పుట్ టార్క్, అవుట్‌పుట్ స్పీడ్ అయితే, స్పీడ్ సగటు × టీ అంటే ఎన్‌కోడర్ రెండు రీడింగ్స్ మధ్య తేడా. టార్క్ × కోణంలో తేడా = ఆ శాంపిల్‌లో ఇచ్చిన పని, అంతే. ఫిల్టర్ వేసి స్పీడ్ తీసి దాన్ని టార్క్‌తో గుణించకండి, ఆ ఫిల్టర్ డిలే కూడా లోటు ఖాతాలోకే పోద్ది.

హ్యాప్టిక్స్ (కంప్యూటర్‌లోని వస్తువు చేతికి తగిలినట్టు అనిపించేలా చేసే పరికరాలు) చేసేవాళ్లకి రెడీమేడ్ ఫార్ములా ఒకటి ఉంది, కోల్గేట్, షెంకెల్ 1990ల్లో ఇచ్చింది: వర్చువల్ గోడ ప్యాసివ్‌గా ఉండాలంటే పరికరంలో ఉన్న అసలు డ్యాంపింగ్, గోడ స్టిఫ్‌నెస్ × టీ / 2 ప్లస్ వర్చువల్ డ్యాంపింగ్ మ్యాగ్నిట్యూడ్, ఈ మొత్తాన్ని మించాలి. మీటరుకి 1000 న్యూటన్ల గోడ, 1 మిల్లీసెకను శాంపిల్ అయితే, వర్చువల్ డ్యాంపింగ్ లేకుండానే, పరికరానికి మీటర్ పర్ సెకనుకి 0.5 న్యూటన్ పైన నిజమైన ఘర్షణ ఉండాలి. గోడ వణుకుతా ఉంటే కోడ్‌లో డ్యాంపింగ్ పెంచేయడం అందరూ చేసే పని, ఫార్ములా ప్రకారం అది లోటుని ఇంకా పెంచుద్ది.

స్టెప్ 7: బోర్డు మీదే ఖాతా పెట్టండి

మోడల్ మీద నమ్మకం లేనప్పుడు, లేదా అవతలివైపు మనిషి చెయ్యో ఇంకో నెట్‌వర్కో ఉన్నప్పుడు, హ్యానాఫర్డ్, ర్యూ 2002లో చెప్పిన టైమ్ డొమైన్ పద్ధతి పెట్టుకోండి. కోడ్‌లో ఒకే ఒక్క వేరియబుల్, సున్నాతో మొదలు. ప్రతి శాంపిల్‌కి కంట్రోలర్‌లోకి వెళ్లిన ఎనర్జీని, పైన చెప్పిన సగటు లెక్కతో, దాంట్లో కలుపుతా పోండి. సైన్ విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి, లోపలికి వెళ్లేది ప్లస్. ఆ వేరియబుల్ సున్నా కిందకి దిగిందంటే మీ కంట్రోలర్ ఎనర్జీ పుట్టిస్తా ఉందని, ఆ శాంపిల్‌లో మాత్రం కొంచెం డ్యాంపింగ్ కలిపి ఆ లోటు పూడ్చండి, ఖాతా మళ్లీ సున్నాకి రాగానే డ్యాంపింగ్ తీసేయండి.

దీంట్లో మరీ మురిసిపోవడానికి లేదు. సిస్టమ్ అరగంట బాగా నడిచి ఖాతాలో బోలెడు ప్లస్ పోగైందనుకోండి, తర్వాత తేడా చేసినా ఆ నిల్వ అంతా తినేదాకా అలారం మోగదు, ఈలోపు మోటారు గలగలమని కొట్టుకుంటా ఉంటది. అందుకే ఖాతాకి పైన ఒక సీలింగ్ పెట్టండి, లేదా కాంటాక్ట్ వదిలిన ప్రతిసారీ సున్నా చేయండి. వేరియబుల్‌ని ఫ్లోట్‌లో పెడితే గంటల తరబడి నడిచాక చిన్న చిన్న విలువలు కలవకుండా రాలిపోతాయి, సీలింగ్ ఉంటే ఆ బెడద కూడా ఉండదు. సీలింగ్ ఎంత అంటే, మామూలుగా నడిచేటప్పుడు ఒక్క ఊపులో ప్లాంట్‌లో నిల్వ ఉండే ఎనర్జీకి రెండు మూడు రెట్లతో మొదలెట్టి, అలారం ఉత్తపుణ్యానికి మోగుతుంటే పెంచుకుంటా పోండి.